ఏసీ వేస్తే గరగర: కంప్రెసర్ మొత్తం మార్చాలా, బేరింగ్ ఒక్కటి చాలా?

మర్రిపాలెం_కుర్రాడు:
అన్నలందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, 74,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు వారాల నుంచి ఏసీ వేయగానే ముందువైపు గరగరమని ఒకటే శబ్దం, రోట్లో రాళ్ళు వేసి తిప్పుతున్నట్టు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా పెరుగుతోంది. చల్లదనం మాత్రం బానే ఉంది. ఒక షాపులో చూపిస్తే రెండు నిమిషాలు విని కంప్రెసర్ (ఏసీ గ్యాసుని నొక్కి తిప్పే పంపు) పోయింది, మొత్తం మార్చాలి, 22,000 అవుద్ది అన్నారు. ఇంకో చోట బేరింగ్ వేస్తే సరిపోద్ది, 2,500 అన్నారు. ఇంత తేడా ఏటండీ? నెలాఖర్లో అమ్మానాన్నల్ని అరకు తీసుకెళ్ళాలి, ఘాట్‌లో ఆగిపోతే ఏటి చేస్తాను?

ఆటోనగర్_పనివాడు:
తమ్ముడూ, నేను గాజువాక వైపు ఏసీ పనే చేస్తాను. మొత్తం మార్చమన్నాడు కాబట్టి మోసగాడని అనీకు. కంప్రెసర్ లోపల అరుగుతుంటే అలాగే లాక్కుపోతే ఒకరోజు పట్టేస్తది. అప్పుడు రాలిన లోహపు రజను గ్యాసుతో పాటు కండెన్సర్లోకి (గ్యాసు వేడిని బయటికి వదిలే, ముందుండే జాలీ) పోద్ది. ఇప్పటి కండెన్సర్ల గొట్టాల్లో దారులు చాలా సన్నం, ఎంత ఫ్లష్ కొట్టి కడిగినా ఆ రజను పూర్తిగా రాదు. ఇక కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, తేమ పీల్చే డ్రయర్, గ్యాసుని కొలతగా లోపలికి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు అన్నీ కొత్తవి వేసుకోవాలి. పైగా అదే బెల్టు మీద ఆల్టర్నేటర్ కూడా తిరుగుతుంటే, బెల్టు తెగితే చార్జింగ్ కూడా పోద్ది. ఘాట్‌లో నువ్వు భయపడేది అదే కదా. ముందే మార్చితే ఖర్చు తక్కువ అన్నది నా అనుభవం.

సీతమ్మధార_ట్యాక్సీ:
గురువుగారూ మీ పని మీద గౌరవం ఉంది కానీ ఈ మాట ఒప్పుకోను. లోపల అరిగిందని చెప్పడానికి ముందు చూడాల్సినవి చూడాలి కదా, రెండు నిమిషాలు విని 22,000 చెప్తే ఎలా? నేను రోజూ బండి తోలి బతికేవాణ్ణి, ఇలాగే ఒకసారి కంప్రెసర్ మార్పించాను, మూడో రోజుకి అదే శబ్దం, చివరికి చూస్తే బెల్టు టెన్షనర్ (బెల్టుని బిగువుగా పట్టే చక్రం) బేరింగ్, నా రెండు నెలల వాయిదా డబ్బులు పోయాయి, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే చెప్తున్నాను తమ్ముడూ, ఇంజన్ ఆపి కీ ఆన్‌లో పెట్టి బ్లోవర్ ఒకటి నుంచి నాలుగు దాకా తిప్పు, శబ్దం అక్కడే వస్తే అది డాష్‌బోర్డు కింద బ్లోవర్, లోపల ఆకు పడినా గరగరమంటది. అక్కడ ఏం లేకపోతే ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ ఆపేసి విను. క్లచ్ (ఏసీ వేసినప్పుడు మాత్రమే పుల్లీని లోపలి షాఫ్టుకి కలిపేది, కాలితో తొక్కే క్లచ్ కాదు) ఉన్న కంప్రెసర్లలో బెల్టు తిప్పే పుల్లీ ఏసీ ఆపినా తిరుగుతూనే ఉంటది, ఆగేది లోపలి షాఫ్టు. కాబట్టి ఏసీ ఆపినా శబ్దం ఉంటే పుల్లీ బేరింగో టెన్షనరో ఆల్టర్నేటరో. క్లచ్ టక్కుమని పట్టాకే మొదలైతే అప్పుడు లోపల అనుమానించాలి. (కొత్త కార్లు కొన్నింటికి క్లచ్ ఉండదు, వాటికి ఈ లెక్క కుదరదు.)

భీమిలి_రోజూ:
ఇంకోటి మర్చిపోయారు, కండెన్సర్ ఫ్యాన్. ఏసీ నొక్కితే అదీ మొదలవుద్ది, అందుకే అందరూ కంప్రెసర్ అనుకుంటారు. నాది బీచ్ రోడ్డు మీద రోజూ రాకపోకలు, ఉప్పుగాలికి ఫ్యాన్ మోటారు తుప్పు పట్టి కొట్టుకునేది. కంప్రెసర్ క్లచ్ వైరు కనెక్టర్ ఊడదీసి ఏసీ నొక్కితే చాలా కార్లలో ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది, అప్పుడు దొరికిపోయింది. కనెక్టర్ ఇంజన్ ఆపాకే పీకండి, బెల్టు దగ్గర చెయ్యి పెట్టకండి.

మర్రిపాలెం_కుర్రాడు:
నిన్న పొద్దున్నే చేశాను అన్నా. బ్లోవర్ బానే ఉంది. ఫ్యాన్ కూడా. ఏసీ ఆపేసి మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో విన్నాను, చిన్నగా గరగర ఉంది! ఇన్నాళ్ళూ ఏసీ ఆపితే అద్దాలు దించేసేవాణ్ణి, ఎన్ఏడీ జంక్షన్ హోరులో వినపడలేదు అంతే. క్లచ్ పట్టాక పెరుగుతోంది. తెలిసిన మెకానిక్‌ని పిలిచి బెల్టు తీయించాం, ఆల్టర్నేటర్, టెన్షనర్ నున్నగా తిరిగాయి. కంప్రెసర్ పుల్లీ చేత్తో తిప్పితే ఇసకలో తిప్పినట్టు గరుగ్గా తగిలింది, పట్టుకుని ఊపితే కొంచెం ఆడుతోంది. ముందున్న క్లచ్ ప్లేటు పట్టుకుని షాఫ్టు తిప్పితే మాత్రం ఎక్కడా పట్టకుండా తిరిగింది.

ఆటోనగర్_పనివాడు:
సరే తమ్ముడూ, షాఫ్టు నున్నగా ఉంటే బేరింగే, అందులో నేను వాదించను. కానీ బేరింగ్ వేసేటప్పుడు క్లచ్ ప్లేటు వేడికి నీలంగా మారిందేమో చూడమను. ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి కొలవాలి, చాలా వాటికి 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపు ఉంటది, నీ మోడల్‌కి ఎంతో చూసుకుని షిమ్‌తో (పలచటి వాషర్) సరిచేయాలి. సందు ఎక్కువైతే వేడిలో క్లచ్ పట్టదు. చాలామంది కొలవకుండా బిగించేస్తారు, ఆరు నెలలకి మళ్ళీ వస్తారు. ఎలాగూ విప్పుతున్నాడు కాబట్టి గ్యాసు కూడా తీసి కొత్తది ఎక్కించుకో.

సీతమ్మధార_ట్యాక్సీ:
గ్యాసు ఎందుకండీ? సర్‌క్లిప్ తీసి పుల్లర్‌తో పుల్లీ లాగేస్తే వస్తది, పైపులు విప్పే పనే లేదు, బానే చల్లబరుస్తున్న గ్యాసుని ఎందుకు ముట్టుకోవడం.

ఆటోనగర్_పనివాడు:
కొన్ని బళ్ళలో పుల్లర్ పెట్టడానికి చోటుండదు, కంప్రెసర్ దించాలి, అప్పుడు పైపులు విప్పక తప్పదు. విప్పితే పైపు అతుకుల్లో ఓరింగులు (రబ్బరు రింగులు) కొత్తవి వేసి, వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి లాగేశాకే గ్యాసు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసుంటది, కాటా మీద తూచి ఎక్కించాలి. ఎక్కువ ఎక్కితే కంప్రెసర్ మీద భారం పడి మూలుగుతుంది, అది ఇంకో కొత్త శబ్దం.

మర్రిపాలెం_కుర్రాడు:
నా బండికి కింద నుంచి చోటు ఉంది, పైపులు విప్పలేదు. బేరింగ్, కూలీ కలిపి 2,300 అయింది. సందు 0.45 వచ్చింది, ప్లేటు నల్లగానే ఉంది, నీలం లేదు. పాత బేరింగ్ ఇంటికి తెచ్చుకున్నాను, సీలు ఒకవైపు లేచిపోయి లోపల గ్రీజు ఎండి ఎర్రటి తుప్పు పొడి అయింది, వేలితో తిప్పితే మా అమ్మకి కూడా వంటింట్లోకి వినపడింది. ఈ ఆదివారం సింహాచలం కొండెక్కి చూస్తాను, పైదాకా ఏసీ వేసే ఉంచుతాను. శబ్దం లేకపోతే అరకు.