'సేసిరది'యా, 'సేసినది'యా?

కావలి రొయ్య: మా రొయ్యల గుంటల లెక్కలకి ఎక్సెల్ పవర్ క్వెరీలో కస్టమ్ కాలమ్ రాస్తుండా. ఇఫ్ కౌంట్ (కిలోకి తూగే రొయ్యలు) 100 లోపయితే 'చిన్నవి', ఎల్స్ ఇఫ్ 60 లోపయితే 'నడిమివి', 30 లోపయితే 'పెద్దవి' అని పెట్టా. 28 కౌంటుకి కూడా 'చిన్నవి' అనే వచ్చింది. పై షరతు నిజమైతే కిందివాటి మొహం చూడదంట. 30ని పైకి తెచ్చా. చివర ఎల్స్ తీసేస్తే అసలు ఒప్పుకోలా. అప్పట్నుంచీ తిక్కన భారతంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే రాయబారం పద్యం ముక్క వదలడంలా: 'దక్షులెవ్వారలుపేక్ష సేసినది వారల చేటగు గాని'. సేసినదేనా?

ఒంగోలు మాస్టారు: సేసిరది. సేసిరి + అది. ఎవరుపేక్ష చేశారో అది వాళ్లకే చేటని.

పెన్న గట్టు: ఉత్పలమాల గదా మాస్టారూ, 'సిరది' అయినా 'సినది' అయినా నగణమే, మూడూ లఘువులే. యతి వ్వా–వా, ప్రాస రకారం. ఈ ఒక్క అక్షరం జోలికి రెండూ రావు.

కావలి రొయ్య: నేను చేదర్థకం అనుకున్నా. 'సేస్తే అది చేటు' అని.

ఒంగోలు మాస్టారు: అట్టయితే 'సేసిననది' కావాలి. ఒక లఘువు ఎక్కువ. మీ ఇఫ్‌కి ఎల్స్ తక్కువైనట్టు.

పెన్న గట్టు: నన్నడిగితే తిక్కన ఇఫ్ వాడనేలేదు. 'ఎవ్వారలు' అన్నాడు. కస్టమ్ కాలమ్ చేసేదీ అదే, వరసవరసనీ ఆపి నువ్వు ఉపేక్ష చేశావా అని అడగడం. 'గాని' ఎల్స్.

ఒంగోలు మాస్టారు: 'గాని' ఎల్స్ ఎట్టా అవుద్ది? ఉపేక్ష చేయనివాళ్ల సంగతి అక్కడ లేదే. దైవం ఎటైనా ఉంటుందన్నాడు.

కావలి రొయ్య: ఖాళీ గడి వస్తేనో? నల్‌ని 30తో పోలిస్తే నల్లే వస్తది, ఇఫ్ ఎర్రర్ కొడతది. భీష్ముడూ ద్రోణుడూ ఆ సభలో నల్ గదా.

పెన్న గట్టు: నల్ ఎందుకయ్యా! 'దక్షులు' అన్నాడు. చేతనయ్యీ నోరు మూసుకున్నారనే గదా తిట్టు. ఇట్టాంటివి మా నెల్లూరాయనకే చేతనవును.

ఒంగోలు మాస్టారు: ఆగండి. అరణ్యపర్వ శేషం రాసి అది నన్నయ రాసినట్టే రాజరాజుకి అంకితంగా నడిపిన ఎర్రన మావాడు. గుడ్లూరు.

పెన్న గట్టు: 1970లో ఒంగోలు జిల్లా కట్టేదాకా గుడ్లూరు ఏ జిల్లా మాస్టారూ?

కావలి రొయ్య: దానికి వేరే చర్చ పెట్టుకోండి. ఇంతకీ రి నా, న నా?

ఒంగోలు మాస్టారు: వేరే ఎందుకు, ఇక్కడే తేలుద్దాం. ఎర్రన కాలానికి జిల్లాలు యాడుండాయి?