అమ్మానాన్నలతో శాన్ డియేగో నుంచి ఒక్కరోజు కారు ప్రయాణాలు: జూన్‌లో ఎటు వెళ్లొచ్చు?

ప్రశ్న

నమస్కారం అండి. అమ్మ, నాన్న మే మూడో వారంలో వస్తున్నారు. జూన్ అంతా శాన్ డియేగోలో మాతోనే ఉంటారు. నాకు వారమంతా ఆఫీసు, తిప్పేదేమైనా శని ఆదివారాల్లోనే. పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇల్లు చేరాలి, బయట పడుకోవడం నాన్నకు పడదు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. ఇద్దరూ శాకాహారులు. జూ, బీచ్‌లు ఎలాగూ చూపిస్తాం. బొరేగో ఎడారి, జాషువా ట్రీ, మెక్సికోలోని తిహువానా, కార్ల్స్‌బాడ్ పూలతోట అని రాసుకున్నాను. ఇవి సరిపోతాయా? ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు

ఎండలకు పేరున్న ఊరే గానీ, మీరు చెప్పిన నెలల్లోనే ఇక్కడ సముద్రం ఒడ్డున సూర్యుడు మొహం చాటేస్తాడు. సముద్రం నీళ్లు చల్లగా ఉండటం, పైన వేడిగాలి మూతలా కూర్చోవడం వల్ల మబ్బు కిందే ఇరుక్కుపోతుంది. ఇక్కడివాళ్లు మే గ్రే, జూన్ గ్లూమ్ అంటారు. మధ్యాహ్నం దాకా విడవదు, కొన్ని రోజులు సాయంత్రం దాకా అంతే. అమ్మానాన్నలను పొద్దున్నే లా హోయా బీచ్‌కి తీసుకెళితే సీల్స్ కనిపిస్తాయేమో గానీ సముద్రం బూడిదరంగులో ఉంటుంది. బీచ్‌లు సాయంత్రాలకు ఉంచుకోండి.

ఆ మబ్బు ఎత్తులో ఉండదు. కారు తూర్పుకి తిప్పి కొండ ఎక్కితే అది మన కిందే ఉండిపోతుంది, పైన నీలాకాశం. కాబట్టి నా సలహా తూర్పు కొండలు. కొండలు దాటి ఎడారిలోకి మాత్రం దిగొద్దు.

మీ జాబితాలో బొరేగో కొట్టేయండి. కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పెద్ద స్టేట్ పార్క్ అది, ఆరు లక్షల ఎకరాలు, నిజంగా గొప్పది. కానీ వెళ్లాల్సింది శీతాకాలంలోనో, వానలు బాగా పడిన ఏడాది ఫిబ్రవరి, మార్చిల్లో పూల కోసమో. జూన్‌లో ఫారెన్‌హీట్ వంద దాటడం మామూలే. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. పెద్దవాళ్లతో అక్కడ కారు ఆగిపోతే పరిస్థితి ఏంటో ఆలోచించండి. జాషువా ట్రీదీ అదే వరస, పైగా పోను రెండున్నర మూడు గంటలు, రాను అంతే. కార్ల్స్‌బాడ్ పూలతోట మామూలుగా మే రెండో వారానికల్లా మూసేస్తారు.

ఎడారి చూసిన తృప్తి కావాలంటే మౌంట్ లగూనా వెళ్లండి. ఐ-8 ఫ్రీవే మీద తూర్పుకి వెళ్లి, పైన్ వ్యాలీ దాటాక సన్‌రైజ్ హైవే ఎక్కాలి. ఊళ్లోంచి గంట, గంటంబావు. ఆరు వేల అడుగుల ఎత్తు, అంతా పైన్ చెట్లే. ఉన్నట్టుండి కుడివైపు చెట్లు పలచబడతాయి, అక్కడ కొండ తెగ్గొట్టినట్టు ఆగిపోతుంది, కొన్ని వేల అడుగుల కింద బొరేగో ఎడారి మొత్తం పరుచుకుని ఉంటుంది. మనం స్వెటర్లో, కింద నిప్పుల కొలిమి. చూసే చోట్లు చాలావరకు రోడ్డు పక్కనే, నాన్నగారు కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. అడవిలో కారు ఆపడానికి అడ్వెంచర్ పాస్ అడుగుతారు, రోజుకు 5 డాలర్లు. నేషనల్ పార్కుల ఏడాది పాస్ ఉంటే అదే చెల్లుతుంది.

మరో జవాబు

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సన్‌రైజ్ హైవే అలాగే ఉత్తరంగా పోతే జూలియన్ ఊరు వస్తుంది. 1870ల్లో బంగారం దొరికి పుట్టిన ఊరు, ఇప్పుడు 'యాపిల్ పై' (పిండి అట్టలో యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే తీపి వంటకం) మీద బతుకుతోంది. తోటలో యాపిళ్లు కోసుకోవడం సెప్టెంబరు, అక్టోబరుల మాట, జూన్‌లో ఉండదు. యాపిల్ పై మాత్రం ఏడాదంతా దొరుకుతుంది. శాకాహారులు అన్నారు కాబట్టి చెబుతున్నా: దాని పిండి అట్టలో కొన్నిచోట్ల పంది కొవ్వు (లార్డ్) వేస్తారు. లోపల యాపిలే కదా అని తినేయకండి. 'లార్డ్ ఉందా' అని కౌంటర్లో అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

వచ్చేటప్పుడు 79వ నంబరు రోడ్డు మీద కుయమాకా గుండా రావొద్దు, అమ్మగారికి ఆ మలుపులు పడవు. 78 మీద శాంటా ఇసబెల్, రమోనా మీదుగా 67 పట్టుకోండి. మలుపులు అసలు లేవని అనను, కానీ ఓర్చుకోగలిగినవే. ముందు సీట్లో కూర్చోబెట్టి ఫోన్ చూడనివ్వకుండా ఉంటే సగం బాధ తప్పుతుంది.

నాన్నగారికి సైన్సు మీద ఆసక్తి ఉంటే పాలోమార్ అబ్జర్వేటరీ వదలొద్దు. 200 అంగుళాల అద్దం ఉన్న హేల్ టెలిస్కోపు 1948 నుంచి అక్కడుంది, పాతికేళ్లకు పైగా ప్రపంచంలో దానికి సాటి లేదు. గాజు వెనక నుంచి చూడటమే, రాత్రి చూపించరు. టికెట్ లేదు. లోపల చలిగా ఉంటుంది, శాలువా పట్టుకెళ్లండి. పార్కింగ్ నుంచి కాస్త ఎగువకి నడవాలి, మెల్లగా నడిపించండి. మధ్యాహ్నం మూడు, నాలుగు ప్రాంతంలో మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. ముఖ్యమైనది దారి: మ్యాప్ ఎస్-6 సౌత్ గ్రేడ్ చూపిస్తుంది, దగ్గరదే, కానీ అన్నీ హెయిర్‌పిన్ మలుపులు, మోటారు సైకిళ్ల కుర్రాళ్ల సరదా అంతా దాని మీదే. మీరు చుట్టూ తిరిగి లేక్ హెన్షా వైపు నుంచి ఎస్-7 ఈస్ట్ గ్రేడ్ ఎక్కండి. కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అమ్మగారు మాత్రం దీవిస్తారు.

ఇంకో జవాబు

ఎడారి వైపు అసలే వద్దు అంటే నేనొప్పుకోను. పామ్ స్ప్రింగ్స్‌లో ట్రామ్‌వే ఉంది. కింద ఎంత మండిపోతున్నా, తిరిగే కేబుల్ పెట్టె 2,643 అడుగుల నుంచి 8,516 అడుగులకు పది నిమిషాల్లో ఎక్కిస్తుంది, పైన దాదాపు ముప్ఫై ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువ. ఘాట్ రోడ్డు లేదు, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. రెండు గంటల పైచిలుకు ప్రయాణం.

మొదటి జవాబు ఇచ్చినవారు

ట్రామ్ బాగుంటుంది, సరే. కానీ పైన స్టేషన్ నుంచి అడవిలోకి దిగే సిమెంటు బాట బాగా వాలు, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్ల సంగతి తెలుస్తుంది. నాన్నగారు స్టేషన్ దగ్గర బాల్కనీలోంచి చూసి తృప్తి పడాలి. బీపీ, గుండె మందులు వాడుతుంటే ఆ ఎత్తు గురించి డాక్టర్ని ఒకమాట అడగండి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండి. లగూనా, జూలియన్ ఒక రోజు, పాలోమార్ ఒక రోజు పెట్టుకుంటాను. తిహువానా గురించి ఎవరూ చెప్పలేదు. వీళ్లకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది, నాది హెచ్-1బి. అమ్మ గుడికి కూడా వెళదామంటోంది.

జవాబు

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వేరే వీసా అడగదు, పెద్దవాళ్లకు ఆ చిక్కు లేదు. మీ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే మాత్రం అనవసరమైన తలనొప్పి, లాయర్ని అడగకుండా దాటకండి. కారు ఇన్సూరెన్సు అక్కడ చెల్లదు, విడిగా మెక్సికోది కొనాలి. వెనక్కి వచ్చే లైన్లో గంటల తరబడి కారులో కూర్చోవడం, మధ్యలో బాత్‌రూమ్ లేకపోవడం పెద్దవాళ్లకు శిక్షే. వద్దంటాను. సరిహద్దు పక్క ఔట్‌లెట్ మాల్‌కి వెళ్లినా 'లాస్ట్ యూఎస్‌ఏ ఎగ్జిట్' బోర్డు చూసుకుని దిగిపోండి. అది దాటితే వెనక్కి తిరిగే దారి లేదు, ఇష్టమున్నా లేకున్నా మెక్సికోయే.

సరిహద్దు దాటకపోయినా పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాగితాలు కారులో ఉండాలి, మీవి కూడా. ఐ-5 మీద ఉత్తరంగా వెళ్లేటప్పుడు శాన్ క్లెమెంటే ముందు, ఐ-15 మీద టెమెక్యులా ముందు, ఐ-8 మీద తిరిగొచ్చేటప్పుడు పైన్ వ్యాలీ ప్రాంతంలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులున్నాయి. చాలాసార్లు మూసే ఉంటాయి, తెరిచి ఉంటే అడుగుతారు.

గుడి అంటే కలబాసస్‌లో వెంకటేశ్వర స్వామి గుడి, అందరూ మాలిబు టెంపుల్ అంటారు. దాదాపు 145 మైళ్లు. లాస్ ఏంజెలిస్ దాటి పోవాలి కాబట్టి ఆదివారం ఆరింటికల్లా కారు కదలాలి. ఏడున్నర అయ్యాక బయల్దేరితే 405 ఫ్రీవే మీద ఎక్కడ ఇరుక్కుంటారో స్వామికే తెలియాలి. వచ్చేటప్పుడు శాన్ క్లెమెంటే దాటాక క్యాంప్ పెండిల్టన్ మిలిటరీ భూముల్లో చాలా దూరం పెట్రోలు బంకు గానీ, ఆగి కాఫీ తాగే చోటు గానీ ఉండదు. మధ్యలో అలీసో క్రీక్ రెస్ట్ ఏరియా ఒక్కటే. బాత్‌రూమ్ అవసరం లేదని నాన్నగారు అన్నా అక్కడ ఆపేయండి.