మోకాళ్ల నొప్పులున్న అమ్మతో డాలస్ చుట్టుపక్కల పాత డౌన్‌టౌన్‌లు: ఎక్కువ నడక లేకుండా ఒక రోజు ట్రిప్ ఎలా?

ఫ్రిస్కో అమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మాల్స్, అవుట్‌లెట్లు చూసి చూసి ఇద్దరికీ విసుగొచ్చేసింది. అక్టోబర్‌లో ఒక శనివారం ఇక్కడి పాత డౌన్‌టౌన్‌లు చూపిద్దామనుకుంటున్నాం. నాన్న హిస్టరీ టీచర్‌గా రిటైరయ్యారు. ఎక్కడ ఫలకం కనబడినా మొత్తం చదివితే గానీ కదలరు. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగాయి. ఇంట్లో తిరుగుతుంది, గుడికొస్తుంది, కానీ అయిదు నిమిషాలు నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. వీల్‌చెయిర్ మాటెత్తితే "నేనింకా అంత దూరం రాలేదు" అంటుంది.

మా ఆయన వేసిన ప్లాన్ ఇదీ: పొద్దున గ్రేప్‌వైన్, మధ్యాహ్నం గ్రాన్‌బరీ, తిరిగొచ్చేటప్పుడు వాక్సహాచీ. కుదురుతుందంటారా? పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందో, కూర్చోవడానికి ఏముంటుందో, బాత్రూమ్‌ల సంగతేంటో ఏమీ తెలీక టెన్షన్‌గా ఉంది.

వీకెండ్ డ్రైవరు:
మూడు ఊళ్లా! మీ ఆయనకి నా దణ్ణాలు చెప్పండి. ఆ చుట్టు మొత్తం కలిపితే 200 మైళ్ల దాకా తేలుతుంది. సుమారు నాలుగు గంటలు కార్లోనే పోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అసలు బాధ కారు దిగాక వేసే మొదటి పది అడుగులు. మూడు ఊళ్లు, భోజనం, బాత్రూమ్ బ్రేకులు కలుపుకుని ఎన్నిసార్లు ఎక్కి దిగాలో లెక్కేసి ఆయన ముందు పెట్టండి, ఆయనే తగ్గుతారు. ఒక్క ఊరు చాలు.

ఏ ఊరో ఎంచుకునేటప్పుడు పేరు కన్నా దాని ఆకారం చూడండి. టెక్సస్‌లో పాత డౌన్‌టౌన్‌లు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి పొడుగాటి మెయిన్ స్ట్రీట్. గ్రేప్‌వైన్ అలాంటిదే. ఆస్టిన్ వైపు వాళ్లు వెళ్లే ఫ్రెడెరిక్స్‌బర్గ్ కూడా అంతే. 1846లో జర్మనీ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు, చాలా బాగుంటుంది, కానీ షాపులన్నీ ఒకే రోడ్డు వెంబడి సాగుతూనే ఉంటాయి. ఎంత దూరం ముందుకెళ్తే అంత దూరం వెనక్కి నడవాలి. రెండోది కోర్ట్‌హౌస్ స్క్వేర్. నడిమధ్యలో కౌంటీ కోర్టు, దాని చుట్టూ పచ్చిక, నాలుగు వైపులా నాలుగు వీధులు, వీధికి అవతల షాపులు. గుడి చుట్టూ మాడవీధుల్లా అనుకోండి. వాక్సహాచీ, గ్రాన్‌బరీ, మీ పక్కనే ఉన్న మెకిన్నీ ఈ రకం.

మీరు మోకాళ్ల గురించే అడిగారు గానీ, నాకు చూస్తే మీ నాన్నగారి ఉత్సాహం కూడా సమస్యే. ఇద్దరి నడక ఒకటి కాదు. స్క్వేర్‌లో అమ్మగారు కోర్టు దగ్గర బెంచీ మీద కూర్చుంటే, ఆయన చుట్టూ తిరిగి ఫలకాలు చదువుకోవచ్చు. కాసేపు కోర్టు చాటుకెళ్లినా మళ్లీ కళ్లబడతారు. మెయిన్ స్ట్రీట్‌లో అయితే ఆయన ముందుకెళ్లిపోతారు, ఈవిడ కంగారుపడి లేచి వెనకాలే నడుస్తారు. మా అత్తగారు, మామగారితో ప్రతిసారీ ఇదే భాగవతం.

ఫ్రిస్కో అమ్మాయి:
అచ్చం మా ఇంట్లో కూర్చుని రాసినట్టుంది! గుళ్లో కూడా నాన్న ప్రదక్షిణలు పూర్తిచేసి వచ్చేసరికి అమ్మ ఆయన్ని వెతుక్కుంటూ సగం దూరం నడిచేసి ఉంటుంది. అయితే గ్రాన్‌బరీ పెట్టుకోమంటారా? అక్కడ చెరువు కూడా ఉందన్నారు.

ఫోర్ట్‌వర్త్ బాబాయ్:
గ్రాన్‌బరీ మా వైపుదే కాబట్టి నాకు దానిమీద అభిమానం ఎక్కువ. 1886 నాటి ఆపెరా హౌస్ ఇంకా నిలబడి ఉంది. నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో, చేరిన టౌన్ స్క్వేర్లలో టెక్సస్ మొత్తానికీ అదే మొదటిది. అయినా నీకు చెప్పనమ్మా. ఫ్రిస్కో నుంచి గంటన్నర పైనే పడుతుంది. చెరువు స్క్వేర్‌కి దగ్గరే అంటారు గానీ మీ అమ్మ నడిచే దూరం కాదు, మళ్లీ కారెక్కాల్సిందే.

మీకు వాక్సహాచీ నయం. 60 మైళ్లు, డాలస్ ట్రాఫిక్ దాటితే మిగతా దారంతా హాయి. అక్కడి ఎల్లిస్ కౌంటీ కోర్ట్‌హౌస్ కోసమే ఊరు చూడొచ్చు. జేమ్స్ రైలీ గోర్డన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన భవనం, 1897లో పూర్తయింది. ఎర్ర ఇసుకరాయి, గ్రానైట్ కలిపి కట్టారు, పైన గడియారం ఉన్న పెద్ద టవరు. ప్రవేశం దగ్గర స్తంభాల తలల మీద మనుషుల మొహాలు చెక్కారు. కొన్ని చూడముచ్చటగా ఉంటాయి, కొన్ని వెక్కిరిస్తున్నట్టు వికారంగా ఉంటాయి. మీ నాన్న ఆ మొహాల దగ్గరే అరగంట ఆగిపోతారు, రాసిపెట్టుకో.

ప్లేనో ఫిజియో:
వృత్తిరీత్యా ఇలాంటి మోకాళ్లు రోజూ చూస్తుంటాను, అందుకే రెండు మాటలు. ఇంట్లోవాళ్లందరూ ఎంత నడవాలని మాత్రమే అడుగుతారు. ఎంతసేపు నిలబడాలో ఎవరూ లెక్కపెట్టరు. యాంటిక్ షాపులో ఒక్కో అల్మరా ముందు ఆగి ఆగి చూడడం, బిల్లు కోసం లైన్లో నిలబడడం, ఫొటో కోసం "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ నిలబెట్టడం, ఇవన్నీ ఒక బ్లాకు నడకకన్నా ఎక్కువ అలసట తెస్తాయి. షాపులోకి అడుగుపెట్టగానే కూర్చోవడానికి కుర్చీ ఉందా అని అడగండి. చిన్న ఊళ్ల షాపులవాళ్లు సంతోషంగా తెచ్చి వేస్తారు.

బెంచీ ఉంటే సరిపోదు, ఎత్తు కూడా చూడాలి. మోకాలికన్నా కిందికి ఉన్న బెంచీ మీద కూర్చుంటే లేవడం నరకం. చేతులు ఆనించుకోవడానికి పక్కన ఆధారం లేకపోతే మరీ కష్టం. కార్లో ఒక గట్టి దిండు పడేసుకోండి, బెంచీ మీద వేస్తే మూడు నాలుగంగుళాలు ఎత్తొస్తుంది. ఎక్కడమేగా కష్టం, దిగుడు పర్లేదనుకుంటారు చాలామంది. మోకాలికి దిగుడే ఎక్కువ బరువు. వాలుగా ఉన్న వీధి అయితే పైనుంచి కిందికి నడిపించి, కింద కారెక్కిద్దాం అన్న తెలివి పనికిరాదు.

వీల్‌చెయిర్ వద్దన్నవాళ్లు చాలామంది రోలేటర్‌కి ఒప్పుకుంటారు. నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, మధ్యలో సీటు. తోసుకుంటూ నడవచ్చు, అలసిపోతే బ్రేకులు లాక్ చేసి దానిమీదే కూర్చోవచ్చు. కూర్చున్నప్పుడు మాత్రం వెనకనుంచి తోయకండి, అది దానికోసం చేసింది కాదు. ఒకవేళ ట్రాన్స్‌పోర్ట్ చెయిర్ (వెనకనుంచి ఇంకొకరు తోసే తేలికపాటి వీల్‌చెయిర్) తీసుకెళ్తే ఇటుక పేవ్‌మెంట్ మీద దాని ముందున్న చిన్న చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి. అలాంటి చోట కుర్చీని వెనక్కి తిప్పి, వెనక చక్రాలు ముందు వెళ్లేలా లాగండి. ఫుట్‌పాత్ అంచు దిగేటప్పుడూ అంతే, వెనక చక్రాలే ముందు దిగాలి.

ఫ్రిస్కో అమ్మాయి:
రోలేటర్ ఐడియా బాగుంది. "షాపింగ్ బ్యాగులు పెట్టుకునే బండి" అని చెప్తాను, అప్పుడు ఒప్పుకుంటుంది. ఇంకో సందేహం. మా బంధువు ఒకాయనకి హ్యాండీక్యాప్ పార్కింగ్ ప్లకార్డ్ (కారు అద్దానికి తగిలించే కార్డు) ఉంది. ఆ ఒక్కరోజుకీ తీసుకెళ్లమంటున్నారు. వాడొచ్చా?

వీకెండ్ డ్రైవరు:
వద్దండీ. ఎవరి పేరున ఇచ్చారో ఆ మనిషి కార్లో ఉంటేనే అది చెల్లుతుంది. ఆయన రాకుండా ప్లకార్డ్ ఒక్కటే తగిలిస్తే చట్టరీత్యా తప్పు, జరిమానా పడుతుంది.

మీ అమ్మగారికే తీసుకునే వీలుందేమో కనుక్కోండి. ఆగకుండా 200 అడుగుల దూరం (సుమారు 60 మీటర్లు) నడవలేకపోవడం అర్హతల్లో ఒకటి. టెక్సస్‌లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో దరఖాస్తు చేయాలి, డాక్టర్ ధ్రువీకరణ కావాలి. తాత్కాలికంగా ఇచ్చేది ఎర్ర రంగులో ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఏ గుర్తింపు కాగితం సరిపోతుందో ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి.

ప్లకార్డ్ లేకపోయినా పని ఆగదు. కోర్టు ఎదురుగా అమ్మగారిని దింపి, ఒకరు ఆవిడతో ఉండండి, ఇంకొకరు వెళ్లి కారు పార్క్ చేసి రండి. ఆ ఉండేది మాత్రం నాన్నగారు కాకుండా చూసుకోండి. రెండు నిమిషాల్లో ఫలకం వెతుక్కుంటూ వెళ్లిపోతారు.

కోడలు పిల్ల:
నేను మా అత్తయ్యగారిని ఎక్కడికి తీసుకెళ్లినా ముందురోజు రాత్రి గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి ఆ వీధిలో ఓసారి తిరిగొస్తాను. ఫుట్‌పాత్ సిమెంటా ఇటుకా, అంచు దగ్గర ర్యాంప్ ఉందా, షాపు గుమ్మానికి మెట్టుందా, నీడెక్కడుంది, అన్నీ కనిపిస్తాయి. పాత భవనాల్లో ఒక్క మెట్టే కదా అనిపిస్తుంది గానీ, పట్టుకోవడానికి రెయిలింగ్ లేని ఆ ఒక్క మెట్టే అత్తయ్యగారిని గుమ్మం బయట ఆపేస్తుంది. మేడమీద ఉన్న యాంటిక్ హాళ్లకి లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి అడగడమే మంచిది.

అక్టోబర్ అయినా ఇక్కడ మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంటుంది. పొద్దున స్క్వేర్‌కి తూర్పు వైపున్న షాపులతో మొదలుపెట్టండి. వాటి ముందు ఫుట్‌పాత్‌కి అప్పుడు నీడ ఉంటుంది. మధ్యాహ్నం పడమటి వైపుకి మారండి.

బాత్రూమ్‌ల గురించి అడిగారుగా. టౌన్ లైబ్రరీ, విజిటర్ సెంటర్, భోజనం చేసిన చోటు, ఈ మూడూ మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా ఆపమని అడగాల్సి వస్తుందని పెద్దవాళ్లు పొద్దున్నించీ నీళ్లు తాగడం మానేస్తారు, పైకి చెప్పరు. మీరే ముందు "ఇక్కడ ఆగుతున్నాం" అని ఆపేస్తే ఆ మొహమాటం ఉండదు.

ఫోర్ట్‌వర్త్ బాబాయ్:
శనివారం అన్నావు కదా, దాని గురించి ఆలోచించమ్మా. వాక్సహాచీ కోర్టు ఇప్పటికీ ప్రభుత్వ భవనమే. వారాంతంలో లోపలికి వెళ్లొచ్చని నమ్ముకుని బయల్దేరొద్దు. పైగా శనివారాల్లో ఇలాంటి స్క్వేర్లలో ఏదో ఒక పండగ పెట్టి చుట్టూ రోడ్లు మూసేస్తుంటారు. మెకిన్నీలో ఆక్టోబర్‌ఫెస్ట్ అప్పుడు చూడాలి. జాతర బాగానే ఉంటుంది గానీ, కారు దగ్గరిదాకా పోదు. కోర్టు ఎదురుగా దింపే వీలు లేకపోతే ఇంతసేపూ వేసిన ప్లాన్ అంతా గాలికి. ఊరి వెబ్‌సైట్లో ఈవెంట్స్ క్యాలెండర్ చూసుకుని తేదీ పెట్టుకో. సోమవారాలు చిన్న మ్యూజియంలు, షాపులు చాలావరకు మూసే ఉంటాయి. సాయంత్రం అయిదు దాటితే షాపులు కట్టేస్తారు. ఎవరైనా ఒకరోజు సెలవు పెట్టగలిగితే శుక్రవారం వెళ్లండి.

వెళ్లేముందు ఒక సాయంత్రం మెకిన్నీ స్క్వేర్‌కి తీసుకెళ్లి చూడు. అక్కడి పాత కోర్టు ఇప్పుడు కళల కేంద్రం. అరగంటలోపు చేరిపోతారు. మీ అమ్మ ఎంతసేపు ఓపిక పడుతుందో, రోలేటర్ తోయడానికి మొహమాటపడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. బాగోలేకపోతే పది నిమిషాల్లో ఇంటి దారి పట్టొచ్చు.

ఫ్రిస్కో అమ్మాయి:
మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. మూడు ఊళ్ల ప్లాన్ రద్దు. ఈ వారం మెకిన్నీ, వచ్చే శుక్రవారం వాక్సహాచీ. పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరి, దారిలో ఒకచోట ఆగి, పదకొండున్నరకల్లా చేరితే తూర్పు వైపు షాపులు ఒకటో రెండో, కోర్టు, ఆ మొహాలు. భోజనం స్క్వేర్‌లోనే. అమ్మకి ఇంకా ఓపికుంటే పాత ఇళ్లున్న వీధుల్లో కార్లోంచే ఒక చుట్టు, లేకపోతే ఇంటికి. అమ్మకి షుగర్ కూడా ఉంది కాబట్టి ఒంటిగంటకి టేబుల్ బుక్ చేస్తున్నాను, ఆలస్యం కాకూడదు. ఇంకేమైనా మర్చిపోయానా?

ప్లేనో ఫిజియో:
బాగుంది. షుగర్ ఉందంటున్నారు కాబట్టి టేబుల్ బుక్ చేసినా కార్లో ఏదో ఒకటి తినడానికి ఉంచుకోండి. ఆరోజే కొత్త బూట్లు తొడిగించొద్దు, అలవాటైనవే వేయండి. రెస్టారెంట్ వాళ్లకి ఫోన్ చేసినప్పుడు బూత్ సీటు (టేబుల్‌కి అటూ ఇటూ కదలని సోఫాలాంటి సీటు) వద్దని, చేతులున్న కుర్చీ కావాలని చెప్పండి. బూత్‌లో పక్కకి జరుగుతూ లోపలికి వెళ్లడం, మళ్లీ బయటికి రావడం మోకాళ్లు మెలితిప్పినట్టే. తలుపుకి దగ్గరగా ఉన్న టేబుల్ అడగండి, బాత్రూమ్ అదే అంతస్తులో ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.