అప్‌డేట్: 277 వోల్టుల షాపు లైట్లు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా బట్టల షాపు కోసం అమెరికా నుంచి బావ తెచ్చిన ఎల్‌ఈడీ లైట్ల మీద "120–277 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంది, మన కరెంటుకి ఆగుతాయా అని అడిగాను కదా, శుభ్రంగా వెలుగుతున్నాయి. అక్కడ పెద్ద బిల్డింగుల్లో 480 వోల్టుల త్రీఫేజ్ ఉంటే ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 277 వస్తుంది, వాళ్ల ఎన్‌ఈసీ కోడ్ (అక్కడి కరెంటు వైరింగు నియమావళి) షాపు లైట్లకి దాన్ని ఒప్పుకుంటుంది, ఇళ్లలో లైట్లకి మాత్రం 120 దాటనివ్వదు. మన 230 మధ్యలోనే ఉంది.

అయితే మా ఎలక్ట్రీషియన్ "ముందు న్యూట్రల్ చూద్దాం బాబూ" అని బోర్డు విప్పితే, న్యూట్రల్ వైర్లు కలిసే లింకులో స్క్రూ వదులై వైరు తొడుగు నల్లగా మాడి ఉంది. త్రీఫేజ్‌లో న్యూట్రల్ ఊడితే లోడు తక్కువున్న ఫేజు మీద వోల్టేజీ 300 దాటిపోవచ్చు, అప్పుడు ఈ అమెరికా లైట్లు కూడా ఢామ్మే! వైరు చివర కోసి కొత్త లగ్ (వైరు చివరకి బిగించే లోహపు ముక్క) వేశాక మూడు ఫేజులూ సరిగ్గానే చూపిస్తున్నాయి.