సావనదుర్గ చుట్టూ రోడ్ సైకిల్ మీద ఒక రౌండు: ఎటు నుంచి మొదలెట్టాలి?

ఆర్ఆర్‌నగర్_పెడల్:
బెంగళూరులో సైకిల్ అనగానే అందరూ నంది కొండకే పొమ్మంటారు. ఆదివారం పొద్దున కార్ల పొగ పీలుస్తూ ఆ ఘాట్ ఎక్కే ఓపిక మాకు లేదు. అడవి, చెరువు, బండ కనిపించే దారి కావాలి. తారు రోడ్డే ఉండాలి, మట్టి దారి వద్దు. సావనదుర్గ అడవి చుట్టూ గానీ, బన్నేరుఘట్ట వైపు గానీ 80–100 కి.మీ. రౌండు ఏదైనా చెప్పండి.

ఇద్దరం వెళ్తున్నాం. ఒకరిది ఆర్ఆర్ నగర్, ఇంకొకరిది ఎలక్ట్రానిక్ సిటీ. రెండూ అల్యూమినియం రోడ్ బైకులే. ముందు పళ్లచక్రాలు 52/36 పళ్లవి, వెనకవి 11-28, టైర్లు 25 మి.మీ. బరువు 70, 78 కిలోలు. చదును మీద 60 కి.మీ. అలవాటే, ఎత్తులు అలవాటు లేవు. డిసెంబరు మొదటి ఆదివారం అనుకుంటున్నాం.

బిలిగుడ్డ:
సావనదుర్గకే పొండి. కెంగేరి మెట్రో దగ్గర కలుసుకోండి. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు సైకిల్‌ను కారులో తెచ్చుకోవాలి. మెట్రోలోకి మడత సైకిల్ తప్ప మామూలు సైకిల్‌ను రానివ్వరు.

దారి ఇదీ: కెంగేరి, కుంబళగోడు, అక్కడ కుడికి తిరిగితే సుమారు 7 కి.మీ.లో దొడ్డ ఆలద మర. మూడెకరాల్లో ఊడలు దిగిన మర్రి అది. అక్కణ్ణుంచి మంచనబెలె, సావనదుర్గ, మాగడి. వచ్చేటప్పుడు మాగడి రోడ్డు మీద తావరెకెరె దాకా వచ్చి, కుడికి తిరిగి మళ్లీ ఆలద మర, కుంబళగోడు, కెంగేరి. మొత్తం తొంభై అయిదుకు అటూ ఇటూ. తావరెకెరె నుంచి నేరుగా సిటీలోకి వస్తే దూరం తగ్గుతుంది, కానీ సుంకదకట్టె ట్రాఫిక్‌లో ఆ లాభమంతా పోతుంది.

కుంబళగోడు దాకా సర్వీస్ రోడ్డులోనే ఉండండి. 2023 ఆగస్టు 1 నుంచి మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద టూవీలర్లకు, ఆటోలకు, సైకిళ్లకు ప్రవేశం లేదు. ఫ్లైఓవర్ ఎత్తు కనబడితే ఎడమకు జరగడమే.

మంచనబెలె అర్కావతి నది మీద కట్టిన డ్యామ్. దారి నది లోయలోకి దిగుతుంది కాబట్టి పొద్దున కాళ్లు తేలిగ్గా ఉన్నట్టనిపిస్తుంది. మోసపోవద్దు, సిటీ ఉన్నది 900 మీటర్ల ఎత్తున. దిగినదంతా వచ్చేటప్పుడు ఎక్కాలి, అదీ ఎండలో. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయని డ్యామ్‌లో దిగొద్దు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

డ్యామ్ దాటాక దారి బాగా నచ్చుతుంది. రెండు పక్కలా చెట్లు, మలుపు తిరగ్గానే ఎదురుగా బండ. శిఖరం 1,226 మీటర్లు. అసలు అవి రెండు కొండలు, కరిగుడ్డ, బిలిగుడ్డ: నల్లది, తెల్లది. వాన నీళ్లు జారిన చోట నిలువుగా నల్లటి చారలుంటాయి. పొద్దుటి ఎండ మన వీపు వైపు నుంచి వచ్చి నేరుగా బండ మీద పడుతుంది, ఫొటో తీసుకోవాలంటే ఎనిమిదిలోపే. కింద వీరభద్రస్వామి, నరసింహస్వామి గుళ్లున్నాయి. పెడల్‌కు బిగిసే క్లీట్ బూట్లతో బండ మీదికి ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు.

డిసెంబరు మొదట్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దగ్గర. ఆరింటికి బయల్దేరండి, మొదటి అరగంట వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

రాగిచేను:
బిలిగుడ్డ గారి దారి సరైనదే, దిక్కు మీద మాత్రం చిన్న పేచీ. మామూలు రోజుల్లో మాగడి రోడ్డు మీద టిప్పర్లు తిరుగుతాయి. వాటితో పడలేకపోతే ముందు ఆ రోడ్డు పూర్తిచేసి, మంచనబెలె మీదుగా తిరిగి రావాలి. ఆదివారం సంగతి వేరు. తొమ్మిది దాటితే మంచనబెలె వైపు సిటీ కుర్రాళ్ల బైకులు, కార్లు బారులు తీరతాయి, మలుపుల్లో మన లేన్‌లోకే వస్తాయి. మీరు వెళ్లేది ఆదివారమే కాబట్టి ఆయన చెప్పినట్టే, మంచనబెలె ముందు.

ఇంకో లెక్క కూడా ఉంది. డిసెంబరులో గాలి తూర్పు నుంచి వస్తుంది. మాగడి సిటీకి పడమర కాబట్టి వెళ్లేటప్పుడు గాలి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. జూన్–ఆగస్టులో సరిగ్గా దీనికి తిరగేసి. అంటే ఇప్పుడు మాగడి నుంచి తావరెకెరె దాకా ఎదురుగాలి, ఎగుడు, ఎండ మూడూ కలుస్తాయి. మాగడిలో కడుపు నింపుకుని, ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కుతూ రెండేసి కిలోమీటర్లకు ముందువాళ్లు మారండి. సావనదుర్గలోనే వేగం చూపించేస్తే ఇక్కడ అయిపోతారు.

ఇక ఎవరూ చెప్పని సంగతి, రోడ్డు మీద రాగి. కోతల కాలం కదా, మాగడి చుట్టుపక్కల ఊళ్లలో రాగి, ఉలవ కంకులు రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. కారుకు పర్లేదు, రోడ్ సైకిల్‌కు రెండు విధాల దెబ్బ. గింజ పైన సన్న టైరు గోలీల మీద నడిచినట్టు పక్కకు జారుతుంది. గడ్డిపోచ వెనక గేరు మార్చే డిరైలర్‌లోకి దూరి దాంట్లోని చిన్న చక్రానికి, అంటే జాకీ వీల్‌కు చుట్టుకుంటుంది. రోడ్డు మీద గడ్డి కనబడగానే వేగం తగ్గించి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేక్ పట్టకుండా, పెడల్ ఆపేసి దొర్లుకుంటూ దాటండి. మందంగా పరిచి ఉంటే దిగి ఎత్తుకుని నడవండి, అది వాళ్ల ఏడాది పంట.

అయినా చుట్టుకుంటే బలంగా తొక్కొద్దు. అలా తొక్కితే చైన్ డిరైలర్‌ను పైకి లాగుతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, జాకీ వీల్స్ ఉండే కేజ్ వెళ్లి స్పోకుల్లో పడుతుంది, అక్కడితో ఆ రోజు ప్రయాణం ఆఖరు. ఆగి, గేరు లివర్‌ను చిన్న పళ్లచక్రం వైపు నొక్కి కేబుల్ వదులు చెయ్యండి. వెనక చక్రం ఊడదీసి, కేజ్‌ను ముందుకు నెట్టి పట్టుకుని, పోచల్ని ఒక్కొక్కటిగా చుట్టుకున్న దిక్కుకు తిరగేసి లాగండి. బిగిసిపోతే చిన్న కత్తెర. చక్రం బిగించాక సైకిల్‌ను వెనక నుంచి చూడండి. జాకీ వీల్స్ రెండూ పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో లేకపోతే హ్యాంగర్ వంగినట్టే. అప్పుడు వెనక పెద్ద రెండు పళ్లచక్రాల్లోకి గేరు వెయ్యకుండా ఇంటికి చేరండి.

గాలిమిషను:
గేర్ల సంగతి చూద్దాం. 36×28లో, అంటే ముందు 36, వెనక 28 పళ్లలో, పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై చుట్లు అంటే గంటకు పది కిలోమీటర్ల లోపు. ఆ వేగంతో నూటికి పది ఎత్తు ఎక్కాలంటే మీ బరువులకు 220 వాట్ల పైమాటే కావాలి. ఈ దారిలో నంది లాంటి పొడుగు ఘాట్ లేదు, పొట్టి ఎత్తులు మాత్రం వరుసగా వస్తాయి. 11-28తో పని జరుగుతుంది, 85వ కిలోమీటర్ దగ్గర మోకాళ్లు తిడతాయి. 11-32 వేస్తే అదే అరవై చుట్లకు వేగం ఎనిమిదిన్నరకు దిగుతుంది, భారమూ ఆ మేరకు తగ్గుతుంది. కొనేముందు డిరైలర్ కేజ్ పొడవు చూసుకోండి. ఉదాహరణకు షిమానో 105 ఆర్7000లో పొట్టి కేజ్‌కు 30 పళ్లే గరిష్ఠం, పొడుగు కేజ్‌కు 34. పళ్లచక్రం పెద్దదైతే పాత చైన్ పొట్టిగా పడొచ్చు, ముందూ వెనకా పెద్ద పళ్లచక్రాల మీద వేసి బిగుతు చూశాకే రోడ్డెక్కండి.

టైర్లు: ఫ్రేమ్‌లో జాగా ఉంటే 28 వెయ్యండి. 25కే అయితే 70 కిలోల వాళ్లు 85 పీఎస్‌ఐ, 78 కిలోల వాళ్లు 90. వెనక ఇది, ముందు అయిదు తక్కువ. గతుకులని మరీ తగ్గించొద్దు. ఊళ్ల దగ్గర రంగు వెయ్యని హంపులుంటాయి, చెట్టు నీడలో అవి కనబడవు. గాలి తక్కువగా ఉన్న టైరు హంపు అంచుకు తగిలితే రిమ్ ట్యూబును నొక్కి పక్కపక్కనే రెండు బెజ్జాలు చేస్తుంది. పాము కాటులా రెండు గాట్లు కనిపిస్తే కారణం ముల్లు కాదు, గాలి తక్కువ.

ఒక్కటే బెజ్జమైతే ముల్లు. చెరువుల పక్కన సర్కారు తుమ్మ ఉంటుంది, ఇక్కడివాళ్లు బళ్లారి జాలి అంటారు. కొమ్మలు కొట్టినప్పుడు ముళ్లు రోడ్డు మీద పడతాయి. ట్యూబు మార్చి ముల్లు మర్చిపోతే అర కిలోమీటరులో రెండో పంక్చర్. పాత ట్యూబులో గాలి నింపి బెజ్జం ఎక్కడుందో చూడండి, వాల్వు నుంచి అంతే దూరం టైరు మీద కొలవండి, ఆ చోట లోపల చెయ్యి పెట్టి తడమండి. ఒట్టి వేలు కాదు, సాక్స్ తొడిగిన వేలు. దూది పోగు పట్టుకున్న చోటే ముల్లు.

మనిషికి రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు రెండు, ప్యాచ్‌లు, చేతి పంపు. ఊళ్లలోని పంక్చర్ షాపు పంపు సన్న ప్రెస్టా వాల్వుకు సరిపోదు, చిన్న అడాప్టర్ సంచీలో పడేయండి.

ఆనేకల్_సందు:
బన్నేరుఘట్ట వైపు డిసెంబరులో వద్దని నా మాట. 1974 నుంచి నేషనల్ పార్క్ అది. అడవి దక్షిణంగా కావేరి దాకా సాగుతుంది, ఏనుగులు ఆ దారినే తిరుగుతాయి. రాగి పండే వేళ రాత్రి చేలల్లో పడి మేసి, తెల్లవారుజామున అడవిలోకి మళ్లుతాయి. రాగిహళ్లి రోడ్డు మీద మీరు తొక్కాలనుకునే సమయం సరిగ్గా అదే. పైగా సైకిల్ చప్పుడు చెయ్యదు, మలుపులో ఏనుగుకూ తెలియదు, మీకూ తెలియదు. పోవాల్సివస్తే బాగా తెల్లారాక, ఊరివాళ్లను అడిగి పొండి.

జిగణి మీదుగా ఆనేకల్ అంటారా, ఆ రోడ్డంతా గ్రానైట్ లారీలు. ఎలక్ట్రానిక్ సిటీ మిత్రుడికి ఒంటరిగా చిన్న రైడ్ కావాలంటే ఆనేకల్ దాటి సుమారు 5 కి.మీ.లో ముత్యాల మడువు ఉంది. పేరు మన తెలుగులాగే ఉంది చూడండి. చివర లోయలోకి దిగుడు, ఆ దిగుడే తిరుగు ప్రయాణంలో పరీక్ష. వానలు పోయాక జలపాతం సన్నబడిపోతుంది, దాని కోసమే అయితే ఇప్పుడు వద్దు.

ఆర్ఆర్‌నగర్_పెడల్:
అందరికీ థ్యాంక్స్ అన్నా. మంచనబెలె ముందు, మాగడి తర్వాత. తిండీ నీళ్ల లెక్క ఎలా? మాకు కన్నడ అంతంతమాత్రం, దారి అడగాలంటే?

బిలిగుడ్డ:
గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. 750 మి.లీ. సీసాలు రెండు. ఒకదాంట్లో ఒట్టి నీళ్లు, ఇంకోదాంట్లో ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్‌ను ముప్పావు లీటరు సీసాలో మొత్తం పోసేయొద్దు, చిక్కనైతే కడుపు తిప్పుతుంది, ముప్పావు వంతు పొడే వెయ్యండి. ఆలద మర దగ్గర సీసాలు నింపుకోండి. సావనదుర్గ గుడి దగ్గర అంగళ్లున్నాయి, పొద్దున్నే తెరుస్తారని నమ్ముకోవద్దు. ఆకలేయకముందే ముప్పావు గంటకోసారి ఒక పల్లీ చిక్కీ లేదా రెండు ఏలక్కి అరటిపళ్లు. టిఫిన్ మాగడిలో, తట్టె ఇడ్లీ రెండు చాలు. వెన్న దోసె తిని ఎదురుగాలిలోకి పోతే మీ ఇష్టం.

కన్నడకు భయమెందుకు. ఎడగడె అంటే ఎడమ, బలగడె అంటే కుడి, నేర అంటే తిన్నగా. 'మాగడిగె యావ దారి?' అని అడిగితే చాలు. దూరం మాత్రం అడక్కండి, ఎవరినడిగినా 'ఇల్లే, హత్తిర' (ఇక్కడే, దగ్గరే) అంటారు. ఆ దగ్గర రెండు కిలోమీటర్లూ కావచ్చు, తొమ్మిదీ కావచ్చు.