చిలికా ఒడ్డున కాళ్లు లేని బల్లి కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

మాది బరంపురం. పోయిన ఆదివారం చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ అనే ఊళ్లో, మా మేనమామ గారి తోటలో మర్రిచెట్టు కింద ఆకులు ఊడుస్తుంటే, వానపాము కంటే కాస్త లావుగా, నున్నగా మెరుస్తూ ఒకటి బయటపడి, నేను వంగి చూసేలోపే మెత్తటి మట్టిలోకి దూరిపోయింది. పిల్లలు పామని కర్ర తెచ్చారు, ఆపాను. ఎందుకంటే చిలికాలోని బర్కుడా దీవిలో కాళ్లు లేని బల్లి ఉందని, 1917లో అనండేల్ అనే శాస్త్రవేత్త దానికి బర్కూడియా ఇన్సులారిస్ అని పేరు పెట్టాడని, ఇప్పుడది పూర్తిగా అంతరించిపోయే ప్రమాదంలో ఉందని చదివాను. మన నలికండ్ల పాముకి చుట్టమే, కానీ బతుకంతా మట్టిలోనే. నేను చూసింది అదేనని అనను, గుడ్డిపాము కూడా కావచ్చు.

తెలిసినవాళ్లు చెప్పండి, పట్టుకోకుండా, తవ్వకుండా ఈ రెండింటికీ తేడా ఎలా గుర్తుపట్టాలి? గోపాల్‌పూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల కేంద్రం ఉంది కదా, ఫొటో దొరికితే అక్కడ చూస్తారా, లేక ముందు ఫారెస్టు వాళ్లకే చెప్పాలా? మామయ్య ఈ వారంలోనే ఆ ఆకులు కాల్చేసి, మట్టి తిరగేసి అరటి వేస్తానంటున్నారు, నాకదే టెన్షన్. ఆయనకి ఏం చెప్పి ఆపమంటారు?