ప్రొస్టేట్ ఆపరేషన్ తరువాత నాన్నగారి కండ కరిగిపోతోంది, క్యాన్సర్ తిరగబెడుతుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి 67 ఏళ్లు. ఐదు నెలల క్రితం ప్రొస్టేట్ గ్రంథిని పూర్తిగా తొలగించారు. క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 7 (3+4), తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని బయాప్సీ రిపోర్టులో ఉంది. ప్రొస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్‌ను కొలిచే పీఎస్ఏ పరీక్షలో మొన్న 0.03 వచ్చింది. అయితే 68 కిలోలుండే మనిషి 62కు వచ్చారు. చేతి గడియారం మోచేతి వైపు జారిపోతోంది, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించవలసి వస్తోంది. కండ తక్కువైన వారికి ఈ జబ్బు తిరగబెడుతుందని ఎక్కడో చదివినప్పటి నుంచి అమ్మకు కంటి మీద కునుకు లేదు. బలమైన తిండి పెడదామంటే, అది క్యాన్సర్‌కే బలమవుతుందని బంధువులు అడ్డు చెబుతున్నారు.

జవాబు 1 (యూరాలజీ వైద్యుడిని):
తిరగబెట్టిందో లేదో చెప్పేది పీఎస్ఏ, కండ కాదు. ఆపరేషన్ తరువాత అది 0.2కు చేరి, రెండోసారి చేసిన పరీక్షలోనూ తగ్గకపోతేనే తిరగబెట్టిందంటాము. సీటీ స్కాన్‌లో నడుము మూడో వెన్నుపూస దగ్గర కండను కొలిచి చేసిన అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు: కొన్నింటిలో సంబంధం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. కనిపించినచోట కూడా, వయసు, షుగరు, ఇతర జబ్బులు కండనూ ఆయుష్షునూ ఒకేసారి తగ్గిస్తాయి కాబట్టి, దోషం కండదేనని తేల్చలేము. నన్ను కలవరపెడుతున్నది వేరొకటి. పీఎస్ఏ ఇంత తక్కువగా ఉండగా ఐదు నెలల్లో ఆరు కిలోలు తగ్గడాన్ని ఆపరేషన్ ఖాతాలో వేసి ఊరుకోకండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆకలి, నిద్ర, దిగులు గురించి ఆయననే విడిగా అడగండి.

జవాబు 2 (ఇదే ఆపరేషన్ అయినవాడిని):
నాకు రెండేళ్లకు పీఎస్ఏ పెరిగి, రేడియేషన్‌తో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. టెస్టోస్టెరాన్‌ను అణచివేసే ఆ మందు కండను కరిగించి కొవ్వును పెంచుతుందని ముందే తెలిసి ఉంటే, ఆపరేషన్ తరువాత ఏడాది పాటు పడక కుర్చీకి అతుక్కుపోయేవాడిని కాను. మందు అవసరపడినా పడకపోయినా, కండను ఇప్పుడే కూడబెట్టుకోమనండి.

జవాబు 3 (ఫిజియోథెరపిస్టును):
చేతులు ఛాతీ మీద కట్టుకొని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. కండ క్షీణతను గుర్తించడానికి ఆసియా వారి కోసం 2019లో సవరించిన ప్రమాణం ప్రకారం, అందుకు 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల సత్తువ తగ్గినట్లే. హార్మోన్ మందు వాడుతున్న వారి మీద ఆస్ట్రేలియాలో జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాల బరువుల వ్యాయామం, నడకతో కండ పెరిగింది. అది క్యాన్సర్‌ను ఆపిందని మాత్రం ఎవరూ అనలేదు. సర్జన్ అనుమతితో, వారానికి రెండు మూడు రోజులు రబ్బరు బ్యాండుతో మొదలుపెట్టవచ్చు. ఊపిరి బిగపట్టి బరువులెత్తకూడదు, మూత్రం జారుతుంది. తిండి విషయంలో బంధువుల మాట పట్టించుకోకండి. కిడ్నీలు బాగుంటే కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే ఆయనకు 62 నుంచి 93 గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి కనుక, రాత్రిపూట చారన్నంతో సరిపెట్టే అలవాటుంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి చారన్నమేనండి, ఎలా కనిపెట్టారో! కుర్చీ పరీక్షలో మూడోసారికే ఆగిపోయారు. సెకన్లు లెక్కపెట్టింది అమ్మే. రేపు పరగడుపున షుగరు పరీక్షకు తీసుకువెళ్తున్నాను, ఫలితం ఇక్కడే రాస్తాను.